కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మీద పోలీసు డిటెక్టివ్ నవలలు రాస్తున్నా. సీమ అంటే ఫ్యాక్షనే రాయాలా?

తుంగభద్ర_ఒడ్డు
మూడు నవలల వరస రాస్తున్నాను. మూడింటిలో ఒకే ఎస్సై. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా, అంటే ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లూ కథాకాలం. మొదటి భాగం పూర్తయింది. తెలిసిన ఒక పబ్లిషరుకు పంపితే, "సీమ పోలీసు కథంటే జనం బాంబులు, వేటకొడవళ్లు అడుగుతారు. ఈ డేరాలు, గుమస్తాలు, ఫైళ్లు ఎవరికి కావాలి? కాలాన్ని తొంభైలకు జరపండి, చూద్దాం" అన్నారు.

చాలా బాధేసింది. ఒక జిల్లా ఊరికి ఉన్నట్టుండి మంత్రులు, సెక్రటేరియట్ ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, పనులు చేయించి పెడతామని తిరిగే దళారులు వచ్చి పడ్డారు. ఇళ్లు చాలక ఆఫీసులకు, మనుషులకు డేరాలు వేశారు. పక్క డేరాలో ఎవరున్నారో తెలియదు, అద్దెకు వచ్చినవాడి ఊరేదో ఇంటి ఓనరుకు తెలియదు. నేరం కథకు ఇంతకన్నా మంచి చోటు తెలుగునేల మీద ఇంకోటి ఉందా?

పాత కాలం పోలీసు నవలలో మీకేం కావాలో పాఠకులుగా చెప్పండి. ఆ రోజుల పోలీసు పని తెలిసినవాళ్లుంటే సాయం చేయండి.

హంద్రీ_కాలువ
ముందు కథ చెప్పన్నా. చచ్చిందెవరు?

తుంగభద్ర_ఒడ్డు
మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తా. పొద్దున డేరాలో శవమై కనబడతాడు. డాక్టరు గుండె ఆగిందంటాడు, ఎస్సైకి విషమేమోనని అనుమానం. అంతవరకే చెప్తా.

కడప_కారం
నేను సూటిగా చెప్తా, ఏమనుకోవద్దు. పాతకాలం నవలలు చాలావాటిలో రచయిత తాను చదివిందంతా మన నెత్తిన పోస్తాడు. పేజీకొక లాంతరు, ఒక జట్కా, ఒక గ్రామఫోను. నాకు హంతకుడు కావాలి, మ్యూజియం కాదు. పబ్లిషరు తొంభైలు అన్నది మాత్రం తప్పే.

పాత_పేపర్లు
కారం గారితో సగం ఒప్పుకుంటా. సరుకు ఎక్కువైతే కథ కుంటుతుంది. కానీ ఒక్క వివరం తప్పైనా నాకు పుస్తకం మీద నమ్మకం పోతుంది. 1954లో కథ జరుగుతుంటే ఎస్సై బీడీలకు పది నయాపైసలు ఇచ్చిన నవల ఒకటి చదివాను. నయాపైసలు వచ్చిందే 1957 ఏప్రిల్ 1న. అంతకు ముందు అణాలే. కాణీ, అర్ధణా, అణా, బేడ, పావలా. అలాగే మార్కాపురం, గిద్దలూరు, కంభం అప్పుడు కర్నూలు జిల్లాలోవే. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా 1970లో వచ్చింది. మీ ఎస్సై మార్కాపురం పోతే పక్క జిల్లాకు పోయినట్టు రాయొద్దు.

ఆలూరు_అబ్బాయి
మమ్మల్ని మరిచిపోవద్దు. ఆదోని, ఆలూరు అప్పటిదాకా బళ్లారి జిల్లా. 1953లో బళ్లారి మైసూరుకు పోయింది, ఈ రెండు తాలూకాలు కర్నూలులో కలిశాయి, రాయదుర్గం అనంతపురంలో కలిసింది. మా జేజి బతికున్నంత కాలం కోర్టు పని అంటే బళ్లారే అనేది. ఒక పాత నేరస్తుడి చరిత్ర కావాలంటే మీ ఎస్సై ఎవరిని అడగాలి? కాగితాలు ఇంకా పక్క రాష్ట్రంలో ఉంటే? దీంట్లోనే ఒక అధ్యాయం ఉంది.

తుంగభద్ర_ఒడ్డు
ఇది బంగారం. రాసుకున్నా.

రిటైర్డ్_హెడ్డు
నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యా. మా నాయన కూడా కానిస్టేబులే, 1950లలో ఈ జిల్లాలోనే చేశాడు. ఆయన చెప్పినవి, నేను స్టేషన్లో చూసినవి కలిపి చెప్తా.

అనుమానాస్పద మరణం అన్నాక ముందు శవ పంచనామా. ఎస్సై ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని పంచాయతీదార్లుగా పిలిచి, వాళ్ల ముందర ఒంటి మీద గుర్తులన్నీ రాయించి సంతకాలు తీసుకుంటాడు. రాసేది స్టేషన్ రైటరు. నవలలు రాసేవాళ్లు ఈ రైటరును ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. స్టేషన్లో ఎవరేం చెప్పారో, ఏ తేదీన చెప్పారో ఆయనకు తెలిసినంత ఎస్సైకి కూడా తెలియదు. మీ కథలో ఎస్సైకి తోడు ఎవరైనా కావాలంటే ఆయన్నే పెట్టండి.

విషం అనుమానం ఉంటే పోస్టుమార్టంలో డాక్టరు కడుపులోది, లివరు ముక్క, కిడ్నీ తీసి జాడీల్లో పెడతాడు. చెడిపోకుండా చిక్కటి ఉప్పునీళ్లు పోసి, మూత మీద లక్కతో సీలు వేస్తాడు. ఆ జాడీలు తీసుకుని ఒక కానిస్టేబులు మద్రాసుకు పోవాలి. కెమికల్ ఎగ్జామినర్ ఆఫీసు ఉండేది అక్కడే. సీలు పగిలితే కేసు పోయినట్టే, కాబట్టి దారంతా నిద్రపోకూడదు. రిపోర్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఈ లోపల ఎస్సై దగ్గర చేతిలో ఏమీ ఉండదు, పైనుంచి మాత్రం సర్కిలు ఇన్‌స్పెక్టరు, డీఎస్పీ అడుగుతూనే ఉంటారు. ఆ ఎదురుచూపే మీ సస్పెన్సు. అర గంటలో ఫోనులో రిజల్టు చెప్పించొద్దు.

గుంతకల్లు_ప్యాసింజరు
ఆ కానిస్టేబులు కర్నూలులో మీటరుగేజీ బండెక్కి, ద్రోణాచలం మీదుగా గుంతకల్లు వచ్చి, అక్కడ మద్రాసు పోయే బ్రాడ్‌గేజీ బండికి మారాలి. ప్లాట్‌ఫారం మీద జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడి పక్కన ఎవడో వచ్చి కూర్చుని, "ఏందన్నా అది, ఊరగాయా?" అని అడగాలి. ఆ సీను నాకోసం రాయండి.

హంద్రీ_కాలువ
ప్యాసింజరన్న ఒక్క మాటతో పుస్తకం అమ్మేశాడు 😀

కడప_కారం
సరే, ఆ జాడీ నాకూ నచ్చింది. అది కథను ఆపదు, నడిపిస్తుంది. నేను అడిగేది అలాంటి వివరమే.

అనంత_చదువరి
నాదొక ప్రశ్న. ఇంతసేపూ మాట్లాడింది మగవాళ్ల ప్రపంచం గురించే. ఆ మూడేళ్లలో ఊరికొచ్చిన ఉద్యోగుల భార్యలు ఎక్కడున్నారు? చాలామంది పిల్లల చదువుల కోసం మద్రాసులోనో అత్తగారింట్లోనో ఆగిపోయి ఉంటారు. వచ్చినవాళ్లు డేరాలో వంట ఎలా చేశారు, నీళ్లు ఎక్కడ పట్టారు, ఎవరితో మాట్లాడారు? అప్పుడు మన స్టేషన్లలో ఆడ పోలీసు లేరు. ఘోషా పాటించే ఇంట్లో ఏం జరిగిందో మీ ఎస్సైకి ఎవరు చెప్తారు? ఒక నర్సో, మంత్రసానో, అన్ని ఇళ్లకూ పాలు పోసే మనిషో ఉండాలి. మాది పాత కర్నూలు, పెళ్లయి అనంతపురం వచ్చాను. మా అమ్మమ్మ వాళ్ల ఇంటి ముందు గది అప్పట్లో అద్దెకిచ్చారు. వచ్చినాయన ఏ ఆఫీసులో చేసేవాడో తాతకు తెలుసు. ఎన్నింటికి వచ్చేవాడో, ఎవరెవరు కలవడానికి వచ్చేవారో అమ్మమ్మకు తెలుసు. సాక్షి అంటే ఆమే.

తుంగభద్ర_ఒడ్డు
అక్కా, గుమస్తా భార్య నా నవలలో రెండు పేజీలే ఉంది. మీరన్నది చదివాక ఆమెకు చాలా చోటు ఇవ్వాలనిపిస్తోంది. ఆమె మద్రాసు నుంచి ఒంటరిగా రైల్లో వస్తుంది, కర్నూలు ఎప్పుడూ చూడలేదు.

అనంత_చదువరి
అయితే ఊరిని ఆమె కళ్లతో చూపించండి. కొండారెడ్డి బురుజు గురించి ఎస్సై నోట ఉపన్యాసం అక్కర్లేదు.

లాయరు_మామ
చట్టం సంగతి చెప్తా. మీ మూడు నవలల కాలంలో నడిచింది 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. చాలామంది తర్వాత వచ్చిన 1973 కోడ్ చూసి సెక్షన్ నంబర్లు రాసేస్తారు. అది అమల్లోకి వచ్చింది 1974 ఏప్రిల్‌లో.

మీకు బాగా పనికొచ్చేది ఇంకోటి ఉంది. పాత కోడ్ ప్రకారం ఐపీసీ 302 (హత్య) కింద నేరం రుజువై, జడ్జి ఉరి వేయకపోతే, ఎందుకు వేయలేదో కారణం రాయాల్సి ఉండేది. 367వ సెక్షన్లో ఆ మాట 1955 సవరణతో పోయింది. అంటే మీ మొదటి రెండు నవలల్లో హంతకుడు దొరికితే ఉరి దాదాపు ఖాయం. ఎస్సైకి తన సాక్ష్యం మీద ఏ కొంచెం అనుమానమున్నా ఆ బరువు వేరు.

ఇక అప్పీలు. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలయ్యేదాకా మనకు మద్రాసు హైకోర్టే. ఆ తర్వాత గుంటూరు. 1956 నవంబరు తర్వాత హైదరాబాదు. మీ ఎస్సై సర్వీసు మూడేళ్లలో హైకోర్టు మూడు ఊళ్లు మారింది. తెలుగులో ఎవరూ దీన్ని కథలో వాడినట్టు నేను చూడలేదు.

పాత_పేపర్లు
రాజధాని మనకు, హైకోర్టు కోస్తావాళ్లకు అన్నది కోస్తా, సీమ నాయకులు 1937లో కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నుంచి వచ్చిన లెక్క. రెండింట్లో ఒకటి సీమకు ఇవ్వాలని అప్పుడు రాసుకున్నారు. అందుకే కర్నూలు వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులకు ఈ ఎండలు, ఈ నీళ్ల కరువు నచ్చలేదు. ఇక్కడివాళ్లకేమో వాళ్ల సణుగుడు నచ్చలేదు. గుమస్తా ఏ జిల్లావాడో, ఎస్సై ఏ జిల్లావాడో ముందే తేల్చుకోండి. సగం సంభాషణలు అక్కడ నుంచే పుడతాయి.

హంద్రీ_కాలువ
రెండో నవల దేని మీద?

తుంగభద్ర_ఒడ్డు
సారా మీద. అప్పుడు మద్యనిషేధం అమల్లో ఉంది.

పాత_పేపర్లు
అయితే 1954 నవంబరు వదలొద్దు. నిషేధం సరిగా నడవడం లేదని, దాన్ని ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. దాని మీదే అవిశ్వాస తీర్మానం పెట్టారు, ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955లో మళ్లీ ఎన్నికలు, మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి. సారా కాచేవాడొకడు ఆ వారంలోనే హత్యకు గురైతే ఎస్సై మీద ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో ఊహించండి. పొద్దున ఫోన్ చేసిన మంత్రి సాయంత్రానికి మంత్రి కాడు.

రిటైర్డ్_హెడ్డు
మా నాయన మాట ఒకటి చెప్తా. నిషేధం కేసులు పెట్టి పెట్టి స్టేషన్ అలసిపోయేదని అనేవాడు. పట్టుకున్న కుండలు పగలగొట్టడం, పంచనామా, కోర్టు, మళ్లీ అదే మనిషి, మళ్లీ కుండలు. హత్య కేసు వస్తే దానికి పెట్టడానికి మనిషి దొరికేవాడు కాదు.

నల్లమల_గాలి
నాకు ఒక విన్నపం ఉంది. పాతకాలం పోలీసు కథల్లో దొంగతనం జరగ్గానే ఎరుకలవాళ్లను పట్టుకొస్తారు, రచయిత కూడా దాన్ని మామూలు విషయంలా రాసి వదిలేస్తాడు. మాది ఆ కుటుంబమే. నేరస్త తెగల చట్టం 1871లో తెచ్చారు, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అంటే మీ మొదటి నవల మొదలయ్యేనాటికి ఆ రద్దు జరిగి ఏడాది దాటింది. కాగితం మీద రద్దు. పోలీసుల అలవాటు మాత్రం పోలేదు.

మా తాత ఆ చట్టం కింద మావాళ్లను కాపలాలో ఉంచిన సెటిల్మెంటులో పుట్టాడు. వేరే ఊరు పోవాలంటే చీటీ ఉండాలి, రాత్రి పిలుపుకు పలకాలి. చట్టం పోయాక కూడా ఊళ్లో ఎవరింట్లో చెంబు పోయినా ముందు ఆయన్నే స్టేషనుకు పిలిచేవాళ్లు. మీ నవలలో ఎస్సై మంచివాడే కావచ్చు. ఆ మంచివాడు కూడా ఆ రోజు మా తాతలాంటి మనిషిని ఏం చేశాడో రాయండి. పేరు పెట్టండి, ఇల్లు పెట్టండి. లాకప్పులో మూలన కూర్చోబెట్టి వదిలేయొద్దు.

తుంగభద్ర_ఒడ్డు
ఇది చదివి చాలాసేపు ఆగిపోయాను. మొదటి భాగంలో అనుమానితుల్లో అలాంటివాడు ఒకడున్నాడు, డేరాల దగ్గర బుట్టలమ్మే మనిషి. వాడు నిర్దోషి అని ఎస్సైకి తెలుసు, కానీ పైవాళ్లకు ఎవరో ఒకరు కావాలి. మీకు వీలైతే ఆ అధ్యాయం పంపుతాను, చదివి చెప్పండి.

నల్లమల_గాలి
పంపండి. మా నాన్నకు కూడా చదివి వినిపిస్తా.

కడప_కారం
దెబ్బల సంగతి కూడా తేల్చాలి. హీరో ఎస్సై కొడతాడా? కొట్టడు అంటే నమ్మను. కొడతాడు అంటే వాడి పక్కన నిలబడి మూడు పుస్తకాలు చదవలేను.

రిటైర్డ్_హెడ్డు
కొట్టకుండా కేసు తేలదని అప్పుడు అందరూ నమ్మేవాళ్లు. నేను చేరినప్పుడు కూడా అదే మాట. దాచడం ఎందుకు?

లాయరు_మామ
హెడ్డు గారూ, నమ్మకం వేరు, కోర్టు వేరు. అప్పటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు ముందు ఒప్పుకున్నది చెల్లేది కాదు. 27 కింద మాత్రం, వాడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకు చెల్లేది. అందుకే పోలీసులు ఎప్పుడూ కొడవలో, నగో, సీసానో "చూపించాడు" అని రాస్తారు. చదివే జడ్జికి ఆ సంగతి తెలుసు, డిఫెన్సు లాయరుకు తెలుసు. కొట్టి ఒప్పించే ఎస్సై కన్నా, 27 కింద నిలబడే వస్తువు కోసం నిజంగా వెతికే ఎస్సై గట్టి పాత్ర. కారం గారికి మీ జవాబు అక్కడుంది.

అనంత_చదువరి
ఆ రెండు రకాల మనుషులూ ఒకే స్టేషన్లో ఉండాలి. సర్కిలు కొట్టమంటాడు, ఎస్సై వద్దంటాడు, రైటరు ఏది రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చుంటాడు.

రిటైర్డ్_హెడ్డు
రైటరుకు తెలియకపోవడమా? ఆయన సర్కిలు చెప్పింది రాస్తాడమ్మా. పిల్లలున్నారు కదా.

సీమ_కుర్రోడు
నాకు 1953 కన్నా 1984 మీద మనసు పోతోంది. జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాలను తీసేసింది. అప్పటిదాకా ఊళ్లో హత్య జరిగితే మునసబు రిపోర్టు రాసి తలారితో స్టేషనుకు పంపేవాడు. మునసబు గాలి ఎటు వీస్తే రిపోర్టు అటు. ఒక్కరోజులో ఆ మనిషి లేకుండా పోయాడు. మరుసటి వారం ఊళ్లో శవం దొరికితే ఎవరు రాస్తారు? దీని మీద ఎవరైనా రాయండి.

తుంగభద్ర_ఒడ్డు
నువ్వే రాయాలి తమ్ముడూ. నా కథలో మునసబు బతికే ఉన్నాడు, రెండో భాగంలో ఆయన రిపోర్టులోనే అబద్ధం ఉంది.

ఆలూరు_అబ్బాయి
మూడో భాగం చెప్పలేదు.

తుంగభద్ర_ఒడ్డు
మొదటి భాగంలో అసలు నేరస్తుడు ఏరు దాటి పారిపోతాడు. తుంగభద్రకు అవతలి ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. అలంపురం, గద్వాల అప్పుడు రాయచూరు జిల్లా. ఎండాకాలం ఇసుకలో నడిచిపోవచ్చు, ఏరు పారుతుంటే పుట్టి ఎక్కాలి. అవతల వేరే ప్రభుత్వం, వేరే పోలీసు, సబిన్‌స్పెక్టరును అమీన్ అంటారు. మా ఎస్సై చూస్తూ నిలబడతాడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే ఆ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిసి అవతలి ఒడ్డు కూడా మన రాష్ట్రమే అవుతుంది. రాజధాని కర్నూలును వదిలి హైదరాబాదు పోతుంది, ఫైళ్లు లారీలకెక్కుతాయి, మా ఎస్సై ఏరు దాటుతాడు.

హంద్రీ_కాలువ
అన్నా!! ఇది ముందే చెప్పుంటే ఆ పబ్లిషరు ఇంకో మాట అనేవాడు కాదు.

లాయరు_మామ
ఆలోచన గొప్పగా ఉంది, కానీ చట్టంలో ఇక్కడ మీకు చిక్కు ఉంది. 1951 నుంచి హైదరాబాదు రాష్ట్రానికి కూడా అదే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వర్తించింది. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరానికి పోలీసు అధికారి ఇండియాలో ఎక్కడికైనా వెంటాడి పట్టుకోవచ్చని దాని 58వ సెక్షన్ చెప్పేది. ఏరు మీ ఎస్సైని ఆపదు.

కడప_కారం
అయిపోయింది. మూడో భాగం మునిగింది.

రిటైర్డ్_హెడ్డు
ఏమీ మునగలేదు. పుస్తకంలో ఉన్న అధికారం వేరు, స్టేషన్ దాటి పోవడం వేరు. పై అధికారి పాస్‌పోర్టు, అంటే ప్రయాణానికి అనుమతి కాగితం, ఇవ్వాలి. అవతలి స్టేషనుకు చెప్పాలి. అక్కడివాళ్లు "మాకు వాడెవడో తెలియదు" అన్నారంటే పరాయి ఊళ్లో గుర్తుపట్టేదెవరు, ఆశ్రయమిచ్చిన పెద్దమనిషి ఇంట్లోకి పోయేదెవరు? మీ సర్కిలు అనుమతి ఇవ్వకపోతే చాలు. ఆయన ఎందుకు ఇవ్వలేదన్నదే మీ మూడో భాగం.

లాయరు_మామ
దీన్ని ఒప్పుకుంటా. చట్టం దారి ఇచ్చింది, మనిషి అడ్డుపడ్డాడు. సరిహద్దు కన్నా ఇదే బాగుంది.

తుంగభద్ర_ఒడ్డు
హెడ్డు గారూ, మీకు దండం. సర్కిలు రిటైరయ్యాక ఆ అనుమతి నిరాకరించిన కాగితం రైటరు తీసి ఎస్సై చేతిలో పెడతాడు. రాయాల్సింది కనబడుతోంది.

ఒక్కటి మిగిలింది. రెండో భాగంలో సారా కాచేవాడి శవం తుంగభద్ర రైలు వంతెన దగ్గర దొరకాలి. కేసు మా ఎస్సైదా, రైల్వే పోలీసుదా?

గుంతకల్లు_ప్యాసింజరు
వంతెన మీదైతే రైల్వే పోలీసుదే.

రిటైర్డ్_హెడ్డు
శవం పట్టాల మీద ఉంటే రైల్వే పోలీసు. కింద ఇసుకలో ఉంటే మీ ఎస్సై. పట్టాల మీద చంపి కింద తోశారని తెలిస్తే రెండు స్టేషన్లూ ఒకరి మీద ఒకరు తోసుకుంటాయి. ఇవతలి ఒడ్డు దగ్గరే పడేయండి, లేకపోతే హైదరాబాదు వాళ్లు కూడా వస్తారు. ఎక్కడ పడిందో ఆ స్తంభం నంబరు పంచనామాలో మొదటి లైనులోనే రాయించండి.